తలదెబ్బయు, రక్తపరీక్షయు

(సంఘ సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



మన సమావేశములలో సాధారణముగా పాఠశాలలను గూర్చియు, గ్రంథాలయమును గూర్చియు, భాషా హక్కులను గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. ఈ వారము మేము తలదెబ్బలను గూర్చియు, వానిని కనిపెట్టుటలో వైద్యులకు తోడ్పడుటకై నూతనముగా వచ్చిన రక్తపరీక్షను గూర్చియు మాటలాడ నెంచితిమి. ఇది ఆసుపత్రివారి విషయము గదా, భాషా సంఘమున కిందేమి పని యని కొందరికి తోచవచ్చును. పని కలదు. ఆ సంబంధ మెట్టిదో ప్రసంగము సాగినకొలది మీకే తెలియగలదు. మేము వైద్యులము కాము. ప్రచురితములైన వైద్య పరిశోధనలను శ్రద్ధతో చదివి, మన ఇండ్లకు పనికివచ్చునంత మాత్రమే ఏర్చి తెచ్చితిమి.

మన రహదారుల స్థితిని మీకు వర్ణింప నక్కరలేదు. గుత్తి, గుంతకల్లుల వైపునుండి వచ్చు 67వ నంబరు జాతీయ రహదారి బళ్లారి మీదుగా హోసపేటకు పోవుచున్నది. సిరుగుప్ప దిక్కునుండి 150ఎ నంబరు రహదారి వచ్చుచున్నది. సండూరు ఖనిజపు లారీలు, తోరణగల్లు ఉక్కు కర్మాగారమునకు పోవు బండ్లు, మిరపబస్తాల ట్రాక్టర్లు, వీని నడుమ ఒక్క మోటారు సైకిలుపై మువ్వురు కూర్చొని పోవు యువకులు - ఇది మనము నిత్యము చూచు దృశ్యము. కేంద్ర రవాణా శాఖవారి లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున దేశమంతట రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందు 50,029 మంది హెల్మెట్టు లేక ద్విచక్ర వాహనములపై పోయినవారు. దీనికి తోడు మేడమెట్లపై జారిపడు వృద్ధులు, చింతచెట్టుపైనుండి పడు కూలీలు, స్నానపు గదిలో పడు గృహిణులు. తలదెబ్బ తగులని వీధి లేదనుట అతిశయోక్తి కాదు.

తలదెబ్బలలో ఘోరమైనవి కంటికే కనబడును. స్పృహ లేని వానిని చూచి ఇది చిన్న దెబ్బ యని ఎవరును అనరు. చిక్కంతయు చిన్నవిగా కనబడు దెబ్బలతోనే వచ్చుచున్నది. పడినవాడు లేచి కూర్చుండును, దుమ్ము దులుపుకొనును, "నాకేమియు కాలేదు" అనును. అట్లనువారిలో పెక్కుమందికి నిజముగనే ఏమియు కాదు. కాని కొందరికి పుఱ్ఱె యెముకకును మెదడుపై పొరకును నడుమ నెత్తురు మెల్లమెల్లగా చేరుచుండును. కొన్ని గంటలు చక్కగా మాటలాడిన మనిషి ఆ తరువాత మగతలో పడి, తిరిగి లేవకపోవచ్చును. 2009 మార్చి 16వ తేదీన కెనడాలో నటాషా రిచర్డ్‌సన్ అను ప్రసిద్ధ నటి మంచుపై జారుట నేర్చుకొనుచు పడెను. బాగుగనే యున్నానని మొదట వచ్చిన ఆంబులెన్సును వలదనెను. రెండు దినములకు మరణించెను. సకల సౌకర్యములు గల దేశమున, సకల సంపదలు గల వ్యక్తికే ఇట్లు జరిగినది. మాటలాడుచున్నాడు గనుక భయము లేదనుట ఎంత ప్రమాదకరమో దీనివలన తెలియును.

ఇట్టి దెబ్బను వైద్యుడెట్లు కనిపెట్టును? ఆయన చేతిలో మొదటి సాధనము ప్రశ్నలు, పరిశీలన. స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరపు వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ అనువారు 1974లో ఒక కొలమానమును ప్రకటించిరి. కన్నులు తెరచుటకు 4, మాటకు 5, కాలుసేతుల కదలికకు 6, మొత్తము 15 మార్కులు. ఏమాత్రమును చలనము లేనివానికి 3. నేడు ప్రపంచమందలి ఆసుపత్రులలో ఈ కొలమానమే వాడుకలో నున్నది. 13 మొదలు 15 వరకు వచ్చినవారి దెబ్బను స్వల్పమైనదిగా ఎంచుదురు. రెండవ సాధనము సి.టి. స్కాను. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులో మొదటిసారి ఒక రోగి తలను ఈ యంత్రముతో చూచిరి. పుఱ్ఱెలోపలి నెత్తురును నిమిషములలో చూపగల యంత్రమది. కాని ప్రతి చిన్న ఆసుపత్రిలోను అది యుండదు. ఉన్నచోటను పడిన ప్రతివానికి తీయుట తగదు. దానివలన ఖర్చు, కాలవ్యయము, కొంత కిరణప్రభావము కలవు.

ఇప్పుడు ఆ కొలమానమందలి మాట మార్కులను పరికింపుడు. తానెవరో, ఎక్కడ నున్నాడో, ఇది ఏ నెలయో సరిగా చెప్పినవానికి 5. తికమకగా చెప్పినవానికి 4. విడివిడి మాటలే పలికిన 3, మూలుగు మాత్రమే వినబడిన 2, ఏదియు లేకున్న 1. అనగా 15 మార్కులలో మూడవ వంతు భాషపై ఆధారపడి యున్నది. ఇచ్చటనే ఈ విషయము మన సంఘపు గడపలోనికి వచ్చుచున్నది.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మేర్పడినపుడు పాత బళ్లారి జిల్లాలోని ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆ రాష్ట్రమునకు చేరినవి. బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. గీత కాగితముపై పడినది గాని, బంధుత్వములపై పడలేదు. తరతరములుగా నిచ్చట నున్న మన కుటుంబములవారు సంతలోను, కచేరీలోను కన్నడము ధారాళముగా మాటలాడుదురు. ఐనను ఇంటి పట్టుననే యుండిన అవ్వలకు, ఆలూరు ప్రాంతమునుండి కూతురింటికి వచ్చిన వియ్యపురాలికి, మిరపకోతకు వచ్చిన కూలివారికి ఆ యలవాటు తక్కువ. రెండు భాషలు వచ్చినవాడు సైతము తల దిమ్మెక్కినపుడు చిన్ననాటి భాషలోనే బదులు చెప్పవచ్చును.

అట్టి ఒక అవ్వను రాత్రివేళ అత్యవసర విభాగమునకు తీసికొనిపోయిరని తలపుడు. ఆమెకు తెలియని భాషలో "ఇది ఏ ఊరు, ఈ దినమేమి వారము" అని అడిగిన, ఆమె వెఱ్ఱిచూపు చూచును. దీనిని రెండు విధముల పొరబడవచ్చును. ఆమె తెలివితో నున్నను తికమక పడుచున్నదని తలచి అనవసరముగా పెద్ద ఆసుపత్రికి పంపవచ్చును. లేదా, ఆమె నిజముగనే తికమక పడుచుండగా, భాష రాక యిట్లున్నదని తలచి ఇంటికి పంపవచ్చును. మొదటిది డబ్బు నష్టము, రెండవది ప్రాణ నష్టము. ఇందు వైద్యుని దోషము లేదు, రోగి దోషము లేదు. భాషాభేదము ఆ కొలమానమునకు ఆటంక మగునని దానిని నేర్పువారే చెప్పుచున్నారు.

ఈ సందర్భముననే రక్తపరీక్ష ప్రసక్తి వచ్చుచున్నది. మనము నెత్తురందుము, కన్నడ సోదరులు నెత్తరందురు. నెత్తురునకు మాత్రము ఏ భాషయు లేదు. అడిగిన ప్రశ్న అర్థమైనను కాకున్నను అది తన సాక్ష్యము తాను చెప్పును.

ఆ సాక్ష్య మెట్టిది? మెదడులో ఆలోచనకు మూలమైన నాడీకణములును, వానిని పోషించు నక్షత్రాకారపు కణములును కలవు. నక్షత్రకణములలో జి.ఎఫ్.ఎ.పి. అను ప్రొటీను, అనగా మాంసకృత్తు, ఇంటికి దూలమువలె ఆకారమును నిలుపుచుండును. నాడీకణములలో యు.సి.హెచ్.-ఎల్1 అను మరియొక ప్రొటీను కలదు. ఆరోగ్యవంతుని రక్తమున ఇవి మిక్కిలి స్వల్పముగా నుండును. దెబ్బకు కణములు చితికినపుడు ఇవి బయటపడి రక్తమున చేరును. రెండవది త్వరగా పెరిగి సుమారు 8 గంటలకు హెచ్చుస్థాయి నందుకొని తగ్గిపోవును. మొదటిది ఒక గంటలోనే కనబడనారంభించి, సుమారు 20 గంటలకు హెచ్చుస్థాయికి వచ్చి, కొన్ని దినములవరకు నిలుచును. వీనిని కొలుచుట పికోగ్రాములలో. పికోగ్రామన గ్రాములో లక్ష కోట్ల వంతు. ఇంత సూక్ష్మమును కొలువగల విద్య ఇటీవలి కాలమున గాని చేతికి రాలేదు.

అమెరికా సైన్యమువారు, యుద్ధభూమిలో పేలుళ్లకు గురియైన సైనికుల నిమిత్తము, ఈ పరిశోధనకు ధనసహాయము చేసిరి. 2018 ఫిబ్రవరిలో ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ మొదటి పరీక్షకు అనుమతి నిచ్చెను. దానికి రక్తమునుండి ద్రవభాగమును వేరుచేసి ప్రయోగశాలలో చూడవలసి యుండెను. 2024 ఏప్రిలులో, సిరనుండి తీసిన రక్తమునే చేతిలో పట్టునంత యంత్రమున నుంచి 15 నిమిషములలో ఫలితము చూపు పరీక్షకు అనుమతి లభించెను. దెబ్బ తగిలిన 24 గంటల లోపల, 18 ఏండ్లు నిండినవారికి, గ్లాస్గో మార్కులు 13 మొదలు 15 వరకు ఉన్నపుడు మాత్రమే దీనిని వాడవలెనని నియమము.

ఈ పరీక్ష విలువ ఎంతయో అంకెలతో చూతము. అమెరికాలోను, ఐరోపాలోను 22 కేంద్రములలో జరిపి 2018లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధనలో 1,959 మందికి రక్తపరీక్షయు, సి.టి. స్కానును రెండును చేసిరి. స్కానులో 125 మందికి మాత్రమే లోపల గాయము కనబడెను. వారిలో 122 మందిని రక్తపరీక్ష పట్టుకొనెను, ముగ్గురిని విడిచెను. మొత్తముమీద 671 మందికి పరీక్ష 'లేదు' అనెను. వారిలో 668 మందికి స్కానులోను ఏమియు లేదు. కావున ఈ పరీక్ష 'లేదు' అనినపుడు చాలవరకు నమ్మవచ్చును. మరి 'ఉన్నది' అనినచో? 1,288 మందికి 'ఉన్నది' అనగా, స్కానులో గాయము కనబడినవారు ఆ 122 మందియే. పదిమందిలో ఒక్కరికంటెను తక్కువ. కాబట్టి 'ఉన్నది' అనగానే గుండెలు బాదుకొన నక్కరలేదు. అది తీర్పు కాదు. స్కాను తీయుడని చెప్పు సమను మాత్రమే.

దీనికి మరియొక ప్రయోజనమును కలదు. 2019లో ప్రకటించిన అమెరికా పరిశోధనలో, స్కాను చక్కగా నున్న 450 మందిని ఎం.ఆర్.ఐ. యంత్రముతో చూడగా 120 మందికి గాయపు గుర్తులు కనబడెను. వారి రక్తమున జి.ఎఫ్.ఎ.పి. హెచ్చుగా నుండెను. స్కాను బాగున్నదని చెప్పి ఇంటికి పంపిన తరువాత నెలలకొలది తలనొప్పి, మతిమరుపు, చిరాకు అనుభవించువారిని మన ఇండ్లలో "నటించుచున్నాడు" అని ఎత్తిపొడుచుట కద్దు. అట్టివారి బాధకు రక్తమున సాక్ష్యము దొరకవచ్చునని దీనివలన తెలియుచున్నది. 2025లో అంతర్జాతీయ నిపుణులు ప్రతిపాదించిన నూతన వర్గీకరణలో గ్లాస్గో మార్కులతోపాటు రక్తపరీక్షకును, స్కానునకును, రోగి పరిస్థితులకును స్థానమిచ్చిరి.

ఇంత చెప్పిన తరువాత దీని హద్దులను చెప్పకుండుట న్యాయము కాదు. స్కాండినేవియా దేశములవారు 2013 నాటి తమ మార్గదర్శక సూత్రములలోనే ఎస్100బి అను మరియొక ప్రొటీను పరీక్షను చేర్చిరి. స్వల్పమైన దెబ్బ తగిలి 6 గంటలు దాటనివారికి అది తక్కువగా నున్నచో స్కాను మానవచ్చునని వారి మతము. కాని ఆ ప్రొటీను మెదడులోనే గాక కొవ్వులోను, చర్మమునకు రంగునిచ్చు కణములలోను కలదు. ఎముక విరిగినను అది పెరుగును. చామనచాయ, నలుపు వర్ణములవారికి అది స్వభావముగనే కొంత హెచ్చని కొన్ని పరిశోధనలలో తేలినది. జి.ఎఫ్.ఎ.పి. కూడ వయస్సుతో పెరుగును గనుక వృద్ధులకు పరీక్ష ఊరకనే 'ఉన్నది' అనుట హెచ్చు. నెత్తురు గడ్డకట్టకుండ మందులు వాడువారికి రక్తపరీక్షను నమ్మి స్కాను మానుట క్షేమము కాదు. చిన్నపిల్లలకు పైన చెప్పిన అనుమతి వర్తింపదు. ఇట్టి పరీక్షా సామగ్రిని శీతలస్థానమున దాచవలెను. మన బళ్లారి ఎండలలో, కరెంటు పోవు పల్లెలలో ఇది చిన్నమాట కాదు. కాబట్టి పరదేశమున నిర్ణయించిన అంకెను తెచ్చి మనవారి రక్తమునకు అతికించుటకు ముందు, మన ఆసుపత్రులలో మనవారిపైననే పరీక్షించి చూచుట అవసరము.

మనదేశమువారును ఊరకుండలేదు. అహమ్మదాబాదునందలి బయోస్కాన్ రీసెర్చ్ వారు, భారత వైద్య పరిశోధనా మండలి, భోపాలులోని ఎయిమ్స్, బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థల సహకారముతో, సెరెబో అను చేతియంత్రమును సిద్ధము చేసిరి. అది రక్తమును తీయదు. కంటికి కనబడని కాంతిని తలపై ప్రసరింపజేసి లోపల నెత్తురు చేరినదో లేదో సూచించును. మార్గము వేరైనను ఉద్దేశ మొక్కటియే: స్కాను లేనిచోట ఎవరిని ముందుగా పంపవలెనో తెలిసికొనుట.

ఇక మన జిల్లా మాట. 1961లో స్థాపితమైన వైద్యకళాశాల, విమ్స్ అని మనమందరమెరిగినది, నేడు బళ్లారి వైద్య కళాశాల, పరిశోధనా కేంద్రమను పేరుతో నున్నది. సరిహద్దునకు ఈవలివారును ఆవలివారును అచ్చటికే వచ్చుచుందురు. బెంగుళూరు మనకు 300 కిలోమీటర్లకు పైగా దూరము. ఇట్టిచోట చిన్న ఆసుపత్రిలో 15 నిమిషములలో 'పంపవలెను' లేక 'ఇచ్చటనే కనిపెట్టి చూడవచ్చును' అని చెప్పగల పరీక్ష వచ్చిన, ఎన్ని కుటుంబములకు అర్ధరాత్రి ప్రయాణము తప్పును! ఎన్ని ప్రాణములు సకాలమున చేరవలసినచోటికి చేరును! కాని దానిపై ఆశపెట్టుకొని నేడు చేయవలసిన పని మానుట తగదు. ఎంత మంచి పరీక్షయైనను, ఆసుపత్రికి రానివానికి పనిచేయదు.

ఆ పనులను క్రమముగా విన్నవించెదము.

మొదటిది, దెబ్బ తగిలిన వెంటనే గడియారము చూచి గంటను కాగితముపై వ్రాయుడు. పైన చెప్పిన పరీక్షలన్నియు 6 గంటలు, 24 గంటలు అను హద్దులపై నడుచునవి. స్కాను తీయు వైద్యునికిని ఆ గంట అవసరమే. "ఇందాక పడెను" అను మాట ఎవరికిని పనికిరాదు.

రెండవది, మరల మరల వాంతి, పెరుగుచున్న తలనొప్పి, లేపినను లేవని మగత, మూర్ఛ, మాట తడబడుట, ఒక కాలో చేయో పట్టు తప్పుట, ఒక కంటిపాప రెండవదానికంటె పెద్దదగుట, ముక్కునుండి గాని చెవినుండి గాని నీరు కారుట - వీనిలో ఏ ఒక్కటి కనబడినను క్షణమాలసింపక 108కి ఫోను చేయుడు. ఈ ఆంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశమున ప్రారంభమై, 2008లో కర్ణాటకమునకును వచ్చినది. సరిహద్దుకు రెండువైపుల నంబరొక్కటియే. వృద్ధులను, నెత్తురు పలుచనజేయు మందులు వాడువారిని ఏ గుర్తులు లేకున్నను వైద్యునికి చూపుడు. మెడ వంచి ఎత్తరాదు. మగతలో నున్నవానికి కాఫీ, నీళ్లు పోయరాదు. త్రాగియున్నాడు, నిద్రపోనిమ్మని విడువరాదు. మత్తు చాటున మెదడులో నెత్తురు దాగియుండవచ్చును.

మూడవది, ప్రతి యింటను వృద్ధుల నిమిత్తము ఒక చిన్న చీటీని సిద్ధపరుపుడు. పేరు, వయస్సు, వాడు మందులు, తెలిసిన భాష, బంధువు ఫోను నంబరు తెలుగునను, కన్నడమునను, ఇంగ్లీషునను అందు వ్రాయవలెను. రోగి వెంట రెండు భాషలు వచ్చిన ఒకరు తప్పక పోవలెను. పోయినవారు వైద్యుని ప్రశ్నను ఉన్నదున్నట్లు అడిగి, జవాబును ఉన్నదున్నట్లు చెప్పవలెను. అభిమానముకొలది తామే బదులు చెప్పరాదు. "మా అవ్వ ఎప్పుడును ఇట్లు మాటలాడదు" అను ఒక్కమాట వైద్యునికి ఎంతో విలువైనది. ఆమె నిత్యము మాటలాడు తీరును ఎరిగినవారు మీరే గాని ఆయన కాడు.

నాలుగవది, సాయము చేయుటకు జంకకుడు. 2019లో మోటారు వాహనముల చట్టమున చేర్చిన 134ఎ నిబంధన ప్రకారము, క్షతగాత్రుని సద్బుద్ధితో ఆదుకొన్నవానికి చట్టరక్షణ కలదు. 2025 మే నెలలో ప్రకటింపబడిన కేంద్ర పథకము ప్రకారము, మోటారు వాహన ప్రమాదమున గాయపడినవారికి నియమిత ఆసుపత్రులలో 7 దినములవరకు 1,50,000 రూపాయల మేరకు నగదు లేకుండ చికిత్స లభించును. ఇది దేశమంతటికిని చెందినది గనుక, ఆధారు కార్డు ఏ రాష్ట్రమునందున్నదని సరిహద్దువారు వెనుదీయ నక్కరలేదు.

ఐదవది, అన్నిటికంటె మేలైనది, దెబ్బ తగులకుండ చూచుకొనుట. చట్టము ప్రకారము నాలుగేండ్లు దాటిన ప్రతివారును, వెనుక కూర్చున్నవారితో సహా, హెల్మెట్టు పెట్టుకొనవలెను. బ్రతికియున్న బలుసాకు తినవచ్చునని పెద్దలనిరి; ఐ.ఎస్.ఐ. ముద్ర గల హెల్మెట్టు వెల బలుసాకు వెలకంటె కొంచెము హెచ్చు, ప్రాణము వెలకంటె మిక్కిలి తక్కువ.

సంఘమున కొక సూచన చేసి ముగించెదము. రెండు భాషలు చక్కగా వచ్చిన యువతీ యువకులు కొందరు వంతులవారీగా, ఆసుపత్రి అధికారుల అనుమతితో, అత్యవసర విభాగమున దుబాసీలుగా పనిచేయుటకు పేరు లీయవలెనని కోరుచున్నాము. తెలుగువారికే యని కాదు. ఆలూరు వైపు ఆసుపత్రికి పోయిన కన్నడ అవ్వకును ఇదే యిబ్బంది, ఆమెకును మనము తోడుండవలెను. అట్లే తలదెబ్బల రక్తపరీక్షను ఈ జిల్లా ప్రజలపై శాస్త్రీయముగా పరీక్షించి చూడవలెనని వైద్యాధికారులకు ఒక మహజరు పంపవలెనని ప్రతిపాదించుచున్నాము. నెత్తురు తన సాక్ష్యమును తాను చెప్పగల దినము మన జిల్లాకును రాగలదు. అంతవరకు, ఆ వచ్చిన తరువాతను, రోగి ప్రక్కన నిలిచి ఆతని మాటను ఆతని భాషలో వినువారు మనమే కావలెను.